సంతలో గిరి గీసిన చోటు

ఎద్దుల బేరాలు తెగేదాకా గారడీవాడు బుట్ట దించేవాడు కాదు. చీకటితోనే సంతకి చేరి, ఏ చింతచెట్టు మొదట్లోనో మూటలకి ఆనుకుని బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. పిల్లలు మూగితే కసిరేవాడు. పిల్లలకి అది పొగరులా కనపడేది గానీ అందులో పెద్ద లెక్కే ఉంది. పొద్దున ఆరింటికి సంతలో జనం ఉంటారు, డబ్బులుండవు. ఎడ్లు అమ్మినవాడి రొండిన నోట్లు చేరేది తొమ్మిదో పదో దాటాక. గంపలో కోళ్ళూ నెత్తిన వేరుశనక్కాయల మూటా తెచ్చిన ఆడమనిషి కొంగుముడిలో చిల్లర పడేదీ అప్పుడే. ఆ చిల్లరతో ఉప్పు, మిరపకాయలు, ఎండుచేపలు కొని, బొరుగుల్లో మిరపకాయబజ్జీ నంజుకుని తినేసరికి పదకొండు. మళ్ళీ బండి కట్టేది ఎండ చల్లబడ్డాక మూడింటికో నాలుగింటికో. మధ్యలో ఉన్న ఆ నాలుగు గంటలే ఆటవాళ్ళ సొత్తు.

1970లు, 80ల నాటి సంతల మాట ఇది. అరకు సంత శుక్రవారం, పెబ్బేరు సంత శనివారం అన్నట్టు ప్రతి సంతకీ ఒక వారం ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ సంతలు ఒకదాని మీద ఒకటి పడకుండా వారాలు సర్దుకుని ఉంటాయి కాబట్టి గాజులవాడూ బట్టలవాడూ వారమంతా ఒక చుట్టు తిరిగేసి మళ్ళీ మొదటి సంతకి వస్తారు. ఆటవాళ్ళకి మాత్రం ఆ సౌకర్యం లేదు. గాజులు ప్రతివారం అమ్ముడవుతాయి. మామిడిటెంక మొలిపించడం ప్రతివారం చూపిస్తే రెండోవారం పిల్లలే గుట్టు చెప్పేస్తారు. అందుకని ఒక సంతలో ఆడినవాళ్ళు నెలా రెణ్ణెల్లు దాటితే తప్ప మళ్ళీ అక్కడ కనపడేవాళ్ళు కాదు. ఈ వారం ఎవరొస్తారో ముందుగా తెలియకపోవడమే పిల్లలకి సంత మీద సగం మోజు.

తెలంగాణలో చాలాచోట్ల సంతని అంగడి అంటారు. సంతకొచ్చిన సరుకు మీద చేసే వసూలుని అక్కడ తైబజారు అంటే కోస్తాలో ఆశీలు అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. పంచాయతీ ఏడాదికోసారి వేలం పెడుతుంది, పాడుకున్నవాడి మనుషులు చీటీల పుస్తకం పట్టుకుని పశువుకింత, బండికింత, గంపకింత అని తిరుగుతారు. గంప కొంగు కింద దాచి ఎగ్గొట్టాలని చూసే అవ్వకీ ఆ చీటీలవాడికీ జరిగే వాదన కూడా సంతలో ఒక ఆటే, పైసా ఇవ్వకుండా చూడొచ్చు.

అసలైన చూడదగ్గ బేరం మాత్రం పశువుల దగ్గర జరిగేది. ముందు నోరు తెరిచి చూస్తారు. పశువుకి ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. అటూఇటుగా రెండున్నరేళ్ళకి నడిమి రెండు పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు వస్తాయి. తరవాత ఒక్కో జతా కలిసి నాలుగు, ఆరు, ఎనిమిది. "ఆరు పళ్ళది" అంటే పనికి మంచి ఈడున్న ఎద్దు అని. ఎనిమిదీ నిండాక వయసు చెప్పేది అరుగుదలే, దళారి అబద్ధాలు మొదలయ్యేదీ అక్కడే. ఆ తరవాత దళారి అమ్మేవాడి చెయ్యి పట్టుకుని పైన తుండుగుడ్డ కప్పుతాడు. పైకి మాట్లాడేదంతా సుడుల గురించీ వానల గురించీ. ధర చెప్పేవి గుడ్డ కింద వేళ్ళు. ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని. నూర్లా వేలా అన్నది ఎద్దుని చూస్తేనే తెలిసిపోతుంది. పక్కవాడికి ధర తెలిస్తే వాడి బేరం అక్కణ్ణుంచే మొదలవుతుంది, అందుకే అంత గుట్టు. గుడ్డ కింద పని ఎలా ఉంటుందో సంతకొచ్చిన రైతుకి పొద్దున్నే తెలుసు. మధ్యాహ్నం గారడీవాడు గుడ్డ పరిచినప్పుడు మళ్ళీ నోరు తెరుచుకుని చూసేదీ ఆ రైతే!

గింజల వరసలో కొలతలు వేరే లోకం. మెట్రిక్ తూకాలు 1960ల మొదట్లోనే తప్పనిసరి చేసినా, ముసలమ్మల నోట వీశె, ఏబులం చాలాకాలం పోలేదు. వీశెకి 40 పలాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1,400 గ్రాములు. ఏబులం అంటే 5 పలాలు, అంటే 175 గ్రాములు. గింజలకైతే నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. కొలిచేవాడు "ఒకటి" అనడు, "లాభం" అని మొదలెడతాడు. "ఏడు" అనడు, అది ఏడుపు మాట కదా, "ఆరున్నొకటి" అంటాడు. మోసం కొలత పాత్రలో కన్నా పోసే చేతిలో ఎక్కువ. అమ్మేటప్పుడు గింజలు మెల్లగా, వదులుగా జారవిడిచి పైన పుల్లతో తలకొడతాడు. కొనేటప్పుడు అదే మానికని నేలకి రెండుసార్లు తట్టి, గోపురం లేచేదాకా పోయించుకుంటాడు. ఒకే మానిక, రెండు కొలతలు.

ఇక గిరి దగ్గరికి. చోటు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. పశువుల మైదానం నుంచి బట్టల కొట్లవైపు జనం నడిచే దారి పక్కన ఉండాలి, దారి మధ్యలో కాదు. మధ్యలో పెడితే బండ్లవాళ్ళు తిడతారు, చీటీలవాడు లేపేస్తాడు. చెట్టునీడ జనం మీద పడాలి, ఆట మీద పడకపోయినా ఫరవాలేదు. చోటు కుదిరాక బుట్టలు దించి, డోలక్ మీద రెండు దెబ్బలు వేసి ఆపేస్తాడు. పరిగెత్తుకొచ్చేది పిల్లలే. వాళ్ళని తరమడు ఇప్పుడు, ముందువరసలో కూర్చోబెడతాడు. కూర్చున్న పిల్లలే గోడ. వాళ్ళ ముందు బూడిదతోనో నీళ్ళతోనో గుండ్రంగా గిరి గీస్తాడు, పన్నెండు పదిహేనడుగుల వెడల్పు. చిన్నదైతే పక్కల నుంచి చేతుల పని కనపడిపోతుంది. పెద్దదైతే వెనకవాడికి ఏమీ కనపడక జారుకుంటాడు. "పిల్లలూ, గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నది వాళ్ళ ఆనందం కోసమని అప్పుడనుకునేవాళ్ళం. ఆ చప్పట్లు బట్టల కొట్టు ముందున్న పెద్దవాళ్ళని పిలవడానికి. పిల్లల వెనక రెండు వరసలు నిలబడి, మూడోవరసవాళ్ళు మునివేళ్ళ మీద లేస్తున్నారంటే గుంపు కట్టినట్టు. అప్పటిదాకా నడిచేదంతా మాటలూ చిల్లర విద్యలే.

మూడు గిన్నెలూ గుడ్డ ఉండలూ ఆ చిల్లర విద్యల్లో మొదటిది. జనం లెక్కపెట్టేది మూడు ఉండలు, వాడి దగ్గర ఉన్నది నాలుగు. నాలుగోది ఎప్పుడూ వేళ్ళ మొదట్లో నలిగి ఉంటుంది. గిన్నె ఎత్తి "చూడండి, ఖాళీ" అని బోర్లించే క్షణంలో అది లోపలికి పోతుంది. ఆ తరవాతదంతా మాటల సందడే. అరచెయ్యి చెమట పడితే ఉండ జారదు, అందుకే మాటిమాటికీ మట్టి ముట్టుకుని నుదుట రాసుకుంటాడు. అది నేలతల్లికి దండమూ అవుతుంది, చేతికి పొడీ అవుతుంది.

మామిడి మొలిపించడానికి ఓపిక కావాలి. టెంక అందరికీ చూపించి, మట్టిలో పాతి, నీళ్ళు చల్లి, మూడు పుల్లలు ముక్కాలిపీటలా నిలిపి గుడ్డ కప్పుతాడు. మధ్యలో వేరే విద్య చూపించి వచ్చి గుడ్డ ఎత్తితే జానెడు మొలక. ఇంకో విద్య అయ్యాక ఎత్తితే మూరెడు కొమ్మ. మామిళ్ళ రోజులైతే దానికొక పిందె. గుడ్డ కప్పే ప్రతిసారీ బుట్టలోంచి ఒకటి మారుతుంది, అంతే. ఇందులో చెడేది చెయ్యి కాదు, ఆకు. పొద్దున కోసిన కొమ్మ మధ్యాహ్నం ఎండకి వేలాడిపోతుంది; వాడిన ఆకుల చెట్టుని చూసి ఎవడు నమ్ముతాడు? అందుకే ఆ బుట్టలో ఎప్పుడూ తడిగోనె ఉండేది. పిల్లలు మాత్రం అందులో పాముందనుకుని దూరం జరిగేవాళ్ళు. వాడూ కాదనేవాడు కాదు.

పాము వేరే బుట్టలో ఉండేది. దాంతోపాటు తాడు కట్టిన ముంగిస. "ఇప్పుడు పాముకీ ముంగిసకీ పోరాటం చూపిస్తా" అన్న మాట మొదటి పది నిమిషాల్లో ఒకసారి, చివరి పది నిమిషాల్లో పదిసార్లు వినపడేది. ఆ పోరాటం చూసినవాళ్ళు మాత్రం ఊరంతా వెతికినా దొరకరు. దొరకరు మరి. పోరాడితే రెండింట్లో ఒకటి పోతుంది, ఏది పోయినా వాడి పెట్టుబడే. ఆ మాట పని జనాన్ని పళ్ళెం వచ్చేదాకా నిలబెట్టడం.

పళ్ళెం ఎప్పుడు తిప్పాలో తెలిసినవాడే బతుకుతాడు. ఆట అయిపోయాక తిప్పితే గిరి ఖాళీ అవుతుంది. కుర్రాణ్ణి పడుకోబెట్టి గుడ్డ కప్పి, మెడ దగ్గర కత్తి పెట్టి, గుడ్డ మీద ఎర్రటి మరక కనపడ్డాక ఆపేస్తాడు. "వాణ్ణి లేపాలంటే మీ ధర్మం కావాలి బాబూ. ఇప్పుడు కదిలినవాడు రక్తం కక్కుకుంటాడు, ఆపైన నా పూచీ లేదు!" ఈ బెదిరింపుకి పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు, ఇంటికెళ్ళాక ఆ రాత్రి గొంతు గరగరలాడినా భయమే. మొదటి నాణెం వాడి మనిషే జనంలోంచి వేస్తాడు, మోగేలా. 5 పైసలు నలుపలకలు, 10 పైసలు అంచు పూలరేకుల్లా, 20 పైసలు ఆరుపలకలు. మూడూ అల్యూమినియంవే, పళ్ళెంలో పడ్డా టప్పుమని ఊరుకుంటాయి. పావలా, అర్ధరూపాయి పడితే ఖంగుమంటుంది. ఆ చప్పుడు విన్న మోతుబరి అల్యూమినియం బిళ్ళ వెయ్యడానికి మొహమాటపడతాడు. పళ్ళెం వెనకవరస నుంచి మొదలవ్వాలి, జారుకునేది వాళ్ళే కనక. ఆడవాళ్ళు డబ్బులకి బదులు దోసెడు గింజలు వేసేవాళ్ళు, వాటికి వేరే జోలె.

పాములవాడు ఊదే బుర్రని దగ్గరనుంచి చూసినవాళ్ళు తక్కువ. ఎండిన సొరబుర్ర, దాని సన్నటి మెడలోంచి గాలి ఊదుతారు. బొద్దు వైపున రెండు గొట్టాలు పక్కపక్కన గుచ్చి మైనంతో అతికిస్తారు. ఒకదానికి వేళ్ళు ఆడించే బెజ్జాలు, అది పాట. రెండోది ఆగకుండా ఒకే శ్రుతి. రెండు గొట్టాల లోపలా చీల్చిన పీకలుంటాయి. ఊదుతుంటే మధ్యలో ఊపిరికి ఆగకూడదు: బుగ్గల్లో గాలి నింపి దాన్ని బయటికి నొక్కుతూనే ముక్కుతో పీల్చాలి. ఎండలో మైనం మెత్తబడితే గాలి కారి శ్రుతి పోతుంది, అందుకే బుర్ర ఎప్పుడూ తడిగుడ్డలో ఉంటుంది. ఇంత కష్టపడి వాయించిన పాట పాముకి మనకి వినపడ్డట్టు వినపడదు. బయటి చెవుల్లేని ప్రాణి అది. ఊగే బుర్రనీ మోకాలినీ చూసి దెబ్బ తప్పించుకోవడానికి తల ఊపుతుంది. ఆ పాముకి కోరలు పీకేసేవాళ్ళు, కొందరు నోరే కుట్టేసేవాళ్ళు. కోరలు మళ్ళీ మొలుస్తాయి, మళ్ళీ పీకుతారు. పాలు తాగిందంటే భక్తితో కాదు, రోజుల తరబడి నీళ్ళు లేక. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా సంతల్లో పాములు చాలా ఏళ్ళు తిరిగాయి. ఎలుగుబంటినీ కోతినీ ఆడించడం 1998 ఉత్తర్వుతో నిషేధమైంది. సంతల మీద బెంగ ఎంతున్నా, ముక్కుకి తాడున్న ఎలుగుబంటి పోయినందుకు మాత్రం బెంగ అక్కర్లేదు.

గడ ఆటవాళ్ళ కులం పేరుని జనం తిట్టుగా వాడేస్తారు కాబట్టి ఇక్కడ గడ ఆటవాళ్ళనే అంటాను. సంతలో అసలు సిసలు ఇంజినీర్లు వాళ్ళు. రెండేసి వెదుళ్ళు కత్తెరలా కట్టి అటొకటీ ఇటొకటీ నిలుపుతారు, ఎనిమిది పదడుగుల ఎత్తు. వాటి కత్తెరల మీదుగా మోకు లాగి, రెండు చివర్లా నేలలో దిగ్గొట్టిన ఇనప మేకులకి బిగిస్తారు. మేకు నిటారుగా కొడితే మోకు లాగుడికి పైకి లేచి వస్తుంది. తల బయటివైపు వాలేలా ఏటవాలుగా కొట్టాలి. వాన కురిసిన మర్నాడు నేల మెత్తగా ఉంటే ఒక మేకు వెనక ఇంకో మేకు కొట్టి రెంటికీ కలిపి కడతారు. నారమోకుకి ఇంకో బుద్ధి ఉంది: తడిస్తే నార ఉబ్బి మోకు పొట్టిదై బిగుస్తుంది, ఆరుతుంటే వదులవుతుంది. పొద్దున మంచులో బిగించిన మోకు పదకొండింటి ఎండకి సాగి ఊయలౌతుంది. అందుకే అమ్మాయి ఎక్కేముందు తండ్రి మోకు మీద అరచేత్తో చరిచి, చప్పుడు విని, ఇంకో చుట్టు బిగించేవాడు. డోలు దెబ్బతో పిల్లలు అటు చూస్తుంటే ఈ పని ఎవరి కంటా పడేది కాదు.

అమ్మాయి చేతిలో పొడుగాటి గడ అలంకారం కాదు. గడ ఎంత పొడుగూ బరువూ ఉంటే ఒళ్ళు ఒరగడం అంత నెమ్మదవుతుంది, సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. మొదట ఉత్తకాళ్ళతో, తరవాత తల మీద మూడు చెంబులతో, ఆ తరవాత కాళ్ళ కింద ఇత్తడి పళ్ళెంతో. పళ్ళెం మోకు మీద జరుగుతుంటే వచ్చే కరకర ఇప్పటికీ చెవిలో ఉంది. డోలు వాయించే తల్లి చూపు జనం మీద ఉండదు, అమ్మాయి మడమ మీద ఉంటుంది. మడమ వణికితే దెబ్బ నెమ్మదిస్తుంది, అడుగూ నెమ్మదిస్తుంది. ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో ఎక్కి, ఈడు రాగానే దిగిపోయే పిల్లలు వాళ్ళు. చూసేవాళ్ళంతా ఆదివారం పోతే సోమవారం బడికెళ్ళే పిల్లలే, ఎక్కిన అమ్మాయికి బడి లేదు. అప్పుడెవరికీ తట్టని మాట.

కొరడా కొట్టుకునే పెద్దమ్మలవాళ్ళు వస్తే మాత్రం ధైర్యవంతులూ వెనక్కి జరిగేవాళ్ళు. ఆడమనిషి నెత్తిన అమ్మవారి పెట్టె. డోలు చర్మాన్ని వంపుపుల్లతో రుద్దితే బుర్రు బుర్రుమని కడుపులోంచి వచ్చినట్టు మోత. మగమనిషి చేతిలో కొరడా మొదట్లో మణికట్టంత లావు, చివరికి వచ్చేసరికి దారం పోగంత. ఆ సన్నదనంలోనే చప్పుడంతా ఉంది. లావుదగ్గర పుట్టిన ఊపు సన్నబడేకొద్దీ వేగం పెరిగి, చివరి పోగు శబ్దాన్ని మించి పోతుంది. ఠప్పుమనేది గాలి, వీపు కాదు. అయినా వీపు మీద వాతలు అబద్ధం కాదు. చేతికి తాడు బిగించి కండలో దబ్బనం గుచ్చుకున్నప్పుడు కారేదీ రంగునీళ్ళు కాదు.

గిరి అక్కర్లేని వాళ్ళూ ఉన్నారు, కొట్టుకొట్టుకీ తిరిగేవాళ్ళు. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో కట్టెతుపాకీతో పిట్టలదొర. వాద్యం లేదు, నోరే వాద్యం. మీ ఊరికి సముద్రం మంజూరు చేయించుకొచ్చానంటాడు, దించుకోవడానికి చోటు చూపించమంటాడు, కోమటిని ఆ సముద్రానికి కాపలా వేస్తానంటాడు. కొట్టుయజమాని నవ్వితే పావుశేరు బియ్యం, నవ్వకపోతే ఆయన మీదే ఇంకో కోత. చిలకజోస్యం చెప్పేవాడు చెట్టుకింద కదలకుండా కూర్చునేవాడు. చిలక కార్డు తియ్యడంలో మహిమ లేదు, తీసి యజమాని చేతికిస్తేనే గింజ అన్నది దానికి అలవాటు.

కాశీపట్నం పెట్టె దగ్గర పది పైసలకి ఒంటికన్ను సినిమా. చెక్కపెట్టె లోపల రెండు కర్రలకి చుట్టిన బొమ్మల పట్టీ: కాశీ గంగ ఒడ్డు, ఢిల్లీ ఎర్రకోట, తాజ్‌మహల్, ఏదో కేలెండర్ లక్ష్మీదేవి. కాయితం చిరగకుండా వెనక గుడ్డ అంటిస్తారు. పెట్టె పైమూత తెరిచి పెడితేనే లోపలికి వెలుతురు, అందుకని ఈ ఒక్కడే ఎండలో నిలబడేవాడు. మబ్బు పట్టిన రోజు తాజ్‌మహల్ బూడిదరంగులో ఉండేది, డబ్బులు మాత్రం అవే.

పావలా, అంతకన్నా చిన్న నాణేల చెలామణీ 2011 జూన్ 30తో ఆగిపోయింది గానీ, ఆటవాళ్ళ పళ్ళెంలో అవి అంతకు చాలా ముందే పడటం మానేశాయి. ఎడ్లబండ్లు పోయి ఆటోలు వచ్చాక సంతలో మనిషి నిలబడే నాలుగు గంటలూ పోయాయి. సరుకు కొనగానే ఆటో హారన్ కొడుతుంది. టీవీల కన్నా ఎక్కువ దెబ్బ అదేనని నా లెక్క.

నాలుగున్నరకి బండ్లు కదిలాక మైదానంలో మిగిలేవి పేడ, చిరిగిన విస్తళ్ళు, కాళ్ళకింద చెరిగిన బూడిదగీత. గడ ఆటవాళ్ళు మోకు చుట్టుకుని, మేకులు సమ్మెటతో అటూ ఇటూ కొట్టి వదులు చేసి పీకేవాళ్ళు. ఆ గుంతల్లో పిల్లలు గోలీలాడుకునేవాళ్ళు. మూణ్ణెల్ల తరవాత వాళ్ళే మళ్ళీ వచ్చినా మేకులు ఆ గుంతల్లో దించరు, ఒకసారి వదులైన నేల లాగుడుకి ఆగదు. రెండు జానల పక్కన, కొత్తనేలలో కొడతారు.